కొండ దిగే గేరు

మేష్టారు పోయారన్న కబురు నాకు పెందుర్తి రోడ్డు మీద తెలిసింది. ఆసుపత్రి వ్యాను వెనక చక్రానికి గాలి పెట్టిస్తున్నాను. పంక్చర్లు వేసే అతను గాలిగొట్టం తీస్తూ, "మీ డ్రైవింగు మేష్టారు నిన్న పోయేరంటమ్మా" అన్నాడు. ఇంకెవరైనా అయితే అయ్యో అంటారు. నేను "నీకెవరు చెప్పారు?" అన్నాను. పాలవ్యాను డ్రైవరు చెప్పాడన్నాడు. "అతనికెవరు చెప్పారు?" అన్నాను. అతను నా ముఖం వంక అదోలా చూశాడు. అప్పుడుగానీ నాకు తెలిసిరాలేదు, ఆ ప్రశ్న నాది కాదని. పదేళ్లపాటు మేష్టారు నన్ను అడిగి అడిగి నాకు అంటించిన ప్రశ్న అది. వ్యానెక్కి తలుపు వేసుకుని, స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చాను.

ఆయన గొప్పవాడని చెప్పడానికి ఈ నాలుగు మాటలూ రాయడం లేదు. ఫలానా ఆయన గొప్పవాడు అని ఎవరైనా అంటే, "ఏటి, కొలిసేరేటి?" అని అడిగే మనిషి ఆయన. నాకు తెలిసినంత, చూసినంత రాస్తాను. తెలియనిది తెలియదనే రాస్తాను. అలా రాయకపోతే ఆయన ఊరుకోరు.

మేష్టారంటే బళ్లో పాఠాలు చెప్పే మేష్టారు కాదు. జ్ఞానాపురంలో ఒక రేకుల షెడ్డు, అందులో నల్లటి పాత విలాయతీ కారు ఒకటి, షెడ్డు ముందు చేత్తో రాసిన బోర్డు. అదీ ఆయన డ్రైవింగు స్కూలు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. పుట్టింది సబ్బవరం వైపు పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవట. అలాంటి బస్సు వెనక నిలబడి పొయ్యిలో నిప్పు ఎగదోసే పనికి కుదిరి, ఆ బస్సు డ్రైవరునే గురువుగా పెట్టుకుని స్టీరింగు పట్టారు. చాలా ఏళ్ల తర్వాత హార్బరులో ఒక ఫ్రెంచి నావికుడి దగ్గర ఆయనకి తెలిసిందట, దొరల కారు నడిపేవాణ్ణి షోఫరంటారే, ఆ మాటకి అసలు అర్థం నిప్పు ఎగదోసేవాడని. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన ముఖం వెలిగిపోయేది. "సూసేవా, నాను డ్రైవరు అవకముందే షోఫర్నమ్మా" అనేవారు.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది డెబ్బైల చివర్లో. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి, ఇద్దరు పిల్లలు. ఒక చిన్న ధర్మాసుపత్రిలో నర్సుని. పెందుర్తి చుట్టుపక్కల పల్లెలకి వ్యాను మీద వెళ్లి పిల్లలకి టీకాలు వెయ్యడం నా పని. మా వ్యాను డ్రైవరుకి చుట్టాలు ఎక్కువ. వారానికో పెళ్లి, నెలకో దినం. అతను రాని రోజు మంచుగడ్డలు పెట్టిన డబ్బాలో మందు పాడైపోయేది, పల్లెలో తల్లులు ఎదురుచూసి చూసి తిట్టుకుంటూ వెళ్లిపోయేవారు. విసుగెత్తి నేనే నేర్చుకుంటానన్నాను. ఆడమనిషికి మేం నేర్పం అని రెండు చోట్ల తిప్పి పంపారు. మేష్టారు మాత్రం ఒక్క ముక్క అడిగారు, ఎందుకు నేర్చుకోవాలనుందని. మందు పాడైపోతోందన్నాను. ఆయన తలూపి, మడతలు పడిన పొడుగాటి రిజిస్టరు తెరిచి నా పేరు రాసుకున్నారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు ఓపిక తక్కువ. సూది గుచ్చామా, దూది అద్దామా, తర్వాతి పిల్లని పిలిచామా, అంతే. అలాంటి నాకు ఆ మనిషి దొరికారు. మొదటిరోజు గేర్లు చూపిస్తారనుకుని కూర్చుంటే, ఎదురుగా ఉన్న చెక్కపలక మీద తట్టి దీన్నేమంటారన్నారు. డ్యాష్‌బోర్డన్నాను. ఎందుకంటారన్నారు. నాకేం తెలుసన్నాను. ఇక మొదలుపెట్టారు: కార్లకి ముందు గుర్రబ్బళ్లుండేవట, గుర్రం పరిగెడితే దాని డెక్కల బురద ఎగిరొచ్చి బండిలో వాళ్ల మీద పడేదట, ఆ బురద ఆపడానికి పెట్టిన పలకట అది. గుర్రం పోయింది, బురద పోయింది, పలక మాత్రం మీటర్లు బిగించుకుని కూర్చుందట. మర్నాడు స్టెప్నీ సంగతి. అది ఎక్కడో విలాయతులో ఒక వీధి పేరట, విడి చక్రాలు అమ్మే కొట్టు ఆ వీధిలో ఉండేదట. మూడోరోజు నేను పళ్లు బిగబట్టి, "మేష్టారూ, నాకు కారు నడపడం కావాలి, దాని పుట్టుపూర్వోత్తరాలు కాదు" అన్నాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "మాటకి కూడా సొంతూరు ఉంటాదమ్మా. సొంతూరు అడిగితే ఎవుడైనా సంతోషిస్తాడు, మాటెందుకు సంతోషించదు?" అన్నారు.

అలాగని నేర్పడంలో తక్కువేమీ చెయ్యలేదు. ఎడమ పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. నేను తప్పు గేరు వేస్తే కారు మూలిగేది, ఆయన మాత్రం నోరెత్తేవారు కాదు. కారు ఆగిపోయాక, "ఇప్పుడు అదేటన్నాదో ఇన్నావా?" అనేవారు. కారు భాష వినమనేవారు. పూర్ణా మార్కెట్టు రద్దీలో రిక్షాల మధ్య నన్ను వదిలేసి, తాను బయటికి చూస్తూ బొత్తాం, పీపా, మేస్త్రీ అని మాటలు లెక్కపెట్టేవారు. అవన్నీ పోర్చుగీసు ఓడల్లో దిగిన మాటలట. బయటనుంచి వచ్చినవంటే నేను నమ్మలేదు. మా అమ్మమ్మ కూడా బొత్తామనే అనేదన్నాను. అప్పుడాయన అన్నమాట నాకు ఇవాళ్టికీ బాగా గుర్తు. "కొత్తగా వొచ్చినోణ్ణి నీదే ఊరని అడుగుతారు. అడగడం మానీసేరంటే ఆడు మనూరోడు అయిపోయినట్టే. మాటా అంతేనమ్మా."

ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. విన్న ప్రతి సంగతీ అందులో రాసి, పక్కన రెండు గడులు గీసేవారు. ఒకదాంట్లో ఎవరు చెప్పారు, రెండోదాంట్లో ఆయనకెవరు చెప్పారు. రెండు గడులూ నిండకపోతే ఆ సంగతి పాఠంలోకి వచ్చేది కాదు. నిండనివి బోలెడుండేవి. తాళంచెవిలో చెవి ఎక్కణ్ణించి వచ్చింది అన్నదానికి ఎదురుగా "తెల్దు" అని పెద్దక్షరాలతో రాసి ఉండేది. మేష్టారూ, ఇన్ని తెల్దులా అని నేను వెక్కిరిస్తే, "తెల్దు అంటే కాళీ సీటమ్మా. ఎవులైనా ఎక్కి కూకోవొచ్చు" అన్నారు.

పాఠం అయ్యాక కొన్ని సాయంత్రాలు సముద్రం ఒడ్డున జాలరిపేట దగ్గర కారు ఆపించేవారు. పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకు తిరిగేవారు. దాన్ని ఒడ్డున ఇసకలో ముంచి తీస్తే నల్లటి రేణువులు గెడ్డంలా వేలాడేవి. ఇసకలో ఇనుం! ఊరంతా ఉక్కు ఫ్యాక్టరీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటే, ఉక్కు సరుకు ముందే వచ్చి ఒడ్డున కూర్చుందని మురిసిపోయేవారు. చేపల గంప నెత్తినెట్టుకుని పోతున్న ఒక ముసలమ్మ ఆగి, "ఏటి బావూ, ఇసకలో సేపలు పడతన్నావేటి?" అంది. ఆయన సిగ్గుపడలేదు సరికదా, ఆవిణ్ణి కూర్చోబెట్టి అయస్కాంతం చేతికిచ్చి చూపించారు. ఆవిడ ఆ గెడ్డాన్ని పీకి పీకి చూసి, గంపలోంచి రెండు చేపలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎదురుగా హార్బరులో ఓడలు ఇనుపరాయి ఎక్కించుకుంటున్నాయి. తన కుర్రతనంలో జపాను విమానాలు ఈ రేవు మీద బాంబులేస్తే జనం మూటలు సర్దుకుని పల్లెలకి పరిగెత్తారని, ఇప్పుడు మనమే కొండలు తవ్వి వాళ్లకి పంపుతున్నామని, ఆ కొండ కారైపోయి ఎప్పుడో మళ్లీ ఇక్కడే దిగుతుందని చెప్పుకుపోయేవారు. ఆ మాటల్లో కోపం ఉండేది కాదు, ఆశ్చర్యం ఉండేది. నేను వాచీ చూసుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ వాచీ పారేసి వినాల్సిందని.

ఇక కొండ సంగతి.

మేష్టారి దగ్గర నేర్చుకున్న ప్రతివాళ్లకీ ఆఖరి పాఠం సింహాచలం కొండ రోడ్డు. పైదాకా ఎక్కి, స్వామికి దణ్ణం పెట్టుకుని, కిందికి దిగితే పాఠం అయిపోయినట్టు. దిగడానికి ఆయన ఒక పద్ధతి నేర్పేవారు. గేరు తీసేసి న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు ఆడిస్తూ దిగడం. పెట్రోలు కలిసొస్తుంది, ఇంజనుకి విశ్రాంతి. "కొండ ఊరికే ఇత్తన్నాది, వొద్దనకు" అనేవారు. ఊళ్లో డ్రైవర్లు చాలామంది అలాగే దిగేవారు. మేష్టారి శిష్యులు మరింత నాజూకుగా దిగుతారని పేరు.

ఆ రోజు నేనూ అలాగే దిగుతున్నాను. లైసెన్సు పరీక్షకి వారం ఉంది. రెండు మలుపులు బాగానే తిరిగాను. మూడో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే కాలు మెత్తగా కిందికి పోయింది. ఇంకోసారి తొక్కాను. కారు ఆగే బదులు వేగం పుంజుకుంది. కాలుతున్న రబ్బరు వాసన. ఎదురుగా మలుపు, మలుపు అవతల ఆకాశం. మేష్టారు చేతిబ్రేకు లాగారు, అది కూడా పట్టలేదు. అప్పుడాయన గొంతు పెంచకుండా, "కొండవైపు కాలవలోకి దించీ అమ్మా" అన్నారు. దించేశాను. కారు రాళ్లని గీసుకుంటూ, ఎగిరెగిరి పడుతూ వెళ్లి మట్టిగట్టుకి గుద్దుకుని ఆగింది. ఆయన నుదురు చిట్లింది, కళ్లజోడు పగిలింది. నాకు మోచెయ్యి దోక్కుపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు.

నేను దిగి ఆయన్ని తిట్టాను. దాచడమెందుకు. "ఇదేనా మీరు నేర్పింది? నాకు ఇద్దరు పిల్లలున్నారు" అన్నాను. ఆయన నుదుటి మీద రక్తం తుడుచుకోకుండానే ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చెయ్యి దగ్గరికి పెట్టి, ఒక్క వేలు తాకించి చటుక్కున తీసేసుకున్నారు. వేలు బొబ్బెక్కింది.  నేను కారులో ఉన్న నా మందుల పెట్టెలోంచి దూది తెచ్చి నుదురు తుడుస్తుంటే అప్పుడన్నారు: "ఇంత ఏడి ఎక్కణ్ణించి వొచ్చిందనుకున్నావ్? మనం ఎక్కిన కొండంతా ఈ చక్రంలోకి దిగిపోయిందమ్మా. ఊరికే ఇత్తన్నాదనుకున్నాను. ఊరికే ఏదీ ఇవ్వదు."

తర్వాత నాకు ఆయనే వివరంగా చెప్పారు. పైకి ఎక్కేటప్పుడు ఇంజను పడ్డ కష్టమంతా దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట తేలాలి. గేరులో ఉంటే ఇంజను దాన్ని పట్టి ఉంచుతుంది. గేరు తీసేస్తే మొత్తం బ్రేకుల నెత్తిన పడుతుంది. బ్రేకు కాలిపోయాక అది బ్రేకు కాదు. కానీ ఆ సాయంత్రం ఆయన్ని పట్టుకున్నది ఈ సైన్సు కాదు. న్యూట్రల్‌లో దిగమన్నది ఆయనకి బొగ్గు బస్సు గురువు చెప్పిన మాట. గురువు మాట గనక దాన్ని నోటుబుక్కులో ఎక్కించనేలేదు. రెండు గడులూ గియ్యకుండా నమ్మిన సంగతి ఆయన జీవితంలో అదొక్కటేనట. నూటికి పైగా మనుషులకి నేర్పింది కూడా అదే.

కారు బాగుపడటానికి నెల పట్టింది. ఈలోగా ఆయన రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా అందరికీ తప్పు నేర్పానని చెప్పి రావాలన్నారు. ఉత్తరాలు రాస్తే సరిపోతుంది కదా అన్నాను. "నేర్పినప్పుడు ఉత్తరం రాసి నేర్పేనేటి? పక్కన కూకుని నేర్పేను. తప్పని సెప్పడానికీ పక్కనే కూకోవాలి" అన్నారు.

అలా మొదలైంది. నేను ఈలోగా లైసెన్సు తెచ్చుకున్నాను. ఆదివారాలు ఆయన కారు నేనే నడిపేదాన్ని, ఆయన రిజిస్టరు పట్టుకుని దారి చెప్పేవారు. చిరునామాలు మారిపోయేవి, మనుషులు మారిపోయేవారు. దొరికినవాణ్ణి వాడి బండిలోనే కొండకి తీసుకెళ్లడం, రెండో గేరులో దింపించడం, కింద ఆపించి చక్రం మీద చెయ్యి పెట్టించడం. "చెయ్యెట్టి సూడు" అనేవారు. చల్లగా ఉందని వాళ్లు అన్నాకే ఎర్ర పెన్సిలుతో ఆ పేరు పక్కన టిక్కు పెట్టేవారు.

స్టేషను దగ్గర టాక్సీవాళ్లు నవ్వుతూనే వచ్చారు. మేష్టారి ముచ్చట తీర్చాలని వచ్చి, దిగాక నవ్వు ఆపి చక్రం చూసుకున్నారు. అందరూ అలా లేరు. బట్టల కొట్టు షావుకారు ఒకాయన, తన గుమాస్తాల ముందు ఆ మాట ఎత్తవద్దన్నాడు. పదేళ్లుగా అలాగే దిగుతున్నా ఏమీ కాలేదన్నాడు. "అవనన్నాళ్లూ అలగే ఉంటాది బాబూ" అని మేష్టారు కొట్టు మెట్టు మీద కూర్చున్నారు. మూడు ఆదివారాలు కూర్చున్నారు. నాకు చెప్పలేనంత చిన్నతనం అనిపించింది, కారులోంచి దిగలేదు. నాలుగో ఆదివారం షావుకారు విసుక్కుంటూ బండి తీశాడు. కొండ కింద చక్రం మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. "మాయమ్మని ఏటేటా గేరు తీసీసే దింపేను మేష్టారూ" అన్నాడు. 

ఊళ్లో మాట పాకకుండా ఉంటుందా? తప్పు నేర్పిన మేష్టారని పేరొచ్చింది. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఒక్కోనెల షెడ్డులో కారు ఊరికే నిలబడి ఉండేది. మేష్టారు వాళ్లావిడ మాట అనడానికి జంకే మనిషి కాదు. ఒకరోజు నా ముందే, "నానెదవనని ఊరంతా తిరిగి సెప్పుకునే మనిషిని ఎక్కడైనా సూసేవా సిస్టరమ్మా?" అని అడిగింది. చూడలేదన్నాను. మేష్టారు కంచంలోంచి తలెత్తకుండా, చూడకపోతే ఇప్పుడు చూడమన్నారు. ఆవిడ తిడుతూనే మరో గరిటె చారు పోసింది. ఎవరికీ తెలియకుండా నెమ్మదిగా చెప్పుకురావచ్చు కదా అని నేనూ పోరాను. నెమ్మదిగా చెప్పిన తప్పు నెమ్మదిగానే దిద్దుకుంటారన్నారు.

రెండేళ్లు దాటేసరికి రిజిస్టరంతా ఎర్ర టిక్కులు. ఒక్కడు మాత్రం మిగిలాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషట. ఎడంచేతి వాటం. అతను అందరికంటే తొందరగా నేర్చుకున్నాడని, న్యూట్రల్‌లో దిగడమంటే అందరికంటే ఎక్కువ ఇష్టపడ్డాడని మేష్టారు చెప్పేవారు. ఇంజను చప్పుడు లేకపోతే కొండ గాలి వినబడుతుంది మేష్టారూ అనేవాడట.  పేరు పక్కన ఉన్న చిరునామాలో ఇల్లే లేదు. అరకు రోడ్డులో లారీ నడుపుతున్నాడని ఒకరన్నారు. ఒరిస్సా వైపు వెళ్లిపోయాడని ఇంకొకరన్నారు. నీకెవరు చెప్పారు, ఆయనకెవరు చెప్పారు అని మేష్టారు తాడు పట్టుకుని వెళ్లినట్టు వెళ్లేవారు. ప్రతిసారీ తాడు మధ్యలోనే తెగిపోయేది.

అరకు ఘాటీలో లారీ పడిందని పేపర్లో వస్తే చాలు, ఆయన చొక్కా తొడుక్కునేవారు. రెండుసార్లు నేనూ వెంట వెళ్లాను. నర్సుని గనక ఆసుపత్రుల్లో నన్ను లోపలికి రానిచ్చేవారు. నేను లోపలికి వెళ్లి పేరు కనుక్కుని వచ్చేదాకా ఆయన గేటు దగ్గర నిలబడి ఉండేవారు. అతను కాదు అని నేను తల ఊపితే ఊపిరి వదిలేవారు. వెంటనే మళ్లీ ముఖం వాడిపోయేది, లోపల ఉన్నవాడికీ ఎవరో నేర్పే ఉంటారు కదా అని. నాకు ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది అప్పుడే. అంతకుముందు కోపం, నవ్వు, గౌరవం అన్నీ ఉండేవి. జాలి లేదు.

ఎనభైల మధ్యలో స్కూలు మూసేశారు. చూపు తగ్గింది. గాజువాక వైపు ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. రోడ్డు నిండా లారీలే. ఆయన బస్సెక్కి వెళ్లి హైవే పక్క టీ కొట్టులో కూర్చునేవారు. డ్రైవర్లు గ్లాసు ఏ చేత్తో పట్టుకుంటున్నారో చూస్తూ కూర్చునేవారు. నేను ఒకసారి వెతుక్కుంటూ వెళ్లి, ఇంత చూపుతో ఏ చెయ్యో ఎలా తెలుస్తుందన్నాను. ఆయన ఏ కళన ఉన్నారోగానీ నవ్వారు. చెయ్యి కనబడకపోయినా లారీలు చాలా కనబడుతున్నాయని, ఒక్కో లారీ వెనక పలక మీద ఒక్కో రాత ఉందని, ఆ రాతలన్నీ నోటుబుక్కులో ఎక్కిస్తున్నానని చెప్పారు. టీ కొట్టు మనిషితో అప్పటికే దోస్తీ కుదిరిపోయింది. టీ అన్న మాట చైనా నుంచి ఓడ దారిన వచ్చిందని, చాయ్ అన్నది నేల దారిన వచ్చిందని, రెండూ ఒక్క ఆకేనని అతనికి చెబుతున్నారు. అతను పాలు మరగనిస్తూ శ్రద్ధగా వింటున్నాడు. దిగులు ఒక పక్క, ఆ కుతూహలం ఒక పక్క, రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు తెలియదు. తెల్దు అనే రాసుకోవాలి.

ఆఖరిసారి చూసింది పోయిన వేసవిలో. మంచం మీద ఉన్నారు. నా అడుగుల చప్పుడు విని, ఈ మధ్య వ్యాను ఎలా ఉందని అడిగారు. క్లచ్చి కొంచెం జారుతోందన్నాను. ఎలా జారుతోందో గొంతుతో అని చూపించమన్నారు. ముప్ఫై పల్లెల్లో పిల్లల్ని ఏడిపించే నర్సుని, ఆ గదిలో నిలబడి క్లచ్చి జారిన చప్పుడు చేశాను. వాళ్లావిడ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కళ్లు మూసుకుని విని, ప్లేటు అరిగిందమ్మా, ఆలస్యం చెయ్యకు అన్నారు. తర్వాత "ఆడు దొరకలేదు కదా?" అన్నారు. లేదన్నాను. "ఆడికి ఎవులో ఒకలు సెప్పే ఉంటారంటావా?" అన్నారు. అవునని ఒక్క అబద్ధం చెబితే పోయేదేముంది? కానీ ఆయనతో అబద్ధం చెప్పడం కష్టం, వెంటనే ఎవరు చెప్పారని అడుగుతారు. "తెలియదు మేష్టారూ" అన్నాను. "అదే నయం" అని నా చెయ్యి తట్టారు.

పదో రోజు వెళ్లినప్పుడు ఇల్లు పట్టనంత మంది డ్రైవర్లు. షావుకారు వచ్చాడు. ఆయన తల బాగా నెరిసింది. వాళ్లావిడ లోపలికి పిలిచి నోటుబుక్కూ రిజిస్టరూ రెండూ నా చేతిలో పెట్టింది. "నీకే ఇమ్మన్నారు. మిగతావాళ్లకి ఓపిక లేదంట" అంది. నాకా ఓపిక! ఆ మాట ఆయన నిజంగా అన్నారో, ఆవిడ కల్పించిందో అడగలేదు. కొన్ని సంగతులకి రెండు గడులూ గియ్యకూడదు.

తర్వాత వారం కొండ మీద దుకాణాలవాళ్ల పిల్లలకి టీకాలు వేసి దిగుతున్నాను. రిజిస్టరు పక్క సీట్లో ఉంది. ముందు ఒక వ్యాను, కొబ్బరికాయలు దింపి ఖాళీ గోనెలతో దిగుతోంది. అద్దం దించి ఉంది గనక దాని చప్పుడు వినబడింది. రెండో గేరులో ఇంజను గట్టిగా పట్టి దిగే మూలుగు. ఆ మూలుగు నాకు తెలుసు. మలుపు వెనక మలుపు, దాని వెనకే దిగాను. దాని బ్రేకు ఎర్రలైటు ఎక్కడో ఒకసారి వెలిగి ఆరిపోతోంది, అంతే.

కింద టీ దుకాణం దగ్గర ఆ వ్యాను ఆగింది. నేనూ ఆపాను. డ్రైవరు దిగి గ్లాసు అందుకున్నాడు. నలభై దాటిన మనిషి, పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. గ్లాసు కుడిచేతిలో ఉంది. అతను కాదని తెలిసినా నా కాళ్లు ఆగలేదు.

"కొండ రెండో గేరులో దిగావు కదా?"

"అవునమ్మా. ఏటయింది?"

"అలా దిగాలని నీకెవరు చెప్పారు?"

"నాకు పని నేర్పిన డ్రైవరు. ఆయన లేడిప్పుడు."

"ఆయనకెవరు చెప్పారు?"

అతను ఒక గుక్క తాగి ఆలోచించాడు. పాపం నిజంగానే ఆలోచించాడు. తర్వాత కొంచెం విసుగ్గా, కొంచెం నవ్వుతూ అన్నాడు.

"అది తెల్దమ్మా. ఒకలు సెప్పడమేటి? కొండంటే అందరూ అలగే కదా దిగుతారు."

నా వ్యాను దగ్గరికి వెళ్లాను.  అందరూ అలాగే దిగుతున్నారంటే అతనికీ ఎవరో చెప్పే ఉంటారని, రిజిస్టరు తెరిచి ఆ ఎడంచేతి మనిషి పేరు పక్కన టిక్కు పెట్టాలనిపించింది. పెట్టలేదు. అక్కడ పెన్సిలుతో "తెల్దు" అని రాశాను. ఆ డ్రైవరు గ్లాసు ఇచ్చేసి వస్తున్నాడు. ఈలోగా నేను అతని వ్యాను దగ్గరికి వెళ్లి, వంగి, ముందు చక్రం మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.